సోషల్ పీరియడ్‌లో ఏ సినిమా వేయాలి? మన జిల్లా టీచర్లకు ఒక పోలిక

కిందటేడు స్లిప్ టెస్టులో ఒక పిల్లవాడు అల్లూరి సీతారామరాజు, కొమురం భీం ఢిల్లీలో కలుసుకుని దోస్తులయ్యారని రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేయబోయి ఆగాను. వాడు చదవలేదు గానీ చూశాడు. నేను నెల రోజులు చెప్పింది పోయింది, మూడు గంటలు చూసింది నిలిచింది. అల్లూరిని చంపింది 1924లో, భీం నేలకొరిగింది 1940లో. ఇద్దరూ ఎక్కడా కలిసినట్టు ఆధారం లేదు. 'ఆర్‌ఆర్‌ఆర్' తీసినవాళ్లు కూడా ఇది కల్పన అనే చెప్పారు. ఆ ముక్క మాత్రం ఏ పిల్లవాడికీ గుర్తుండదు.

కాబట్టి సినిమా క్లాసులోకి రావాలా వద్దా అనే చర్చ నా దృష్టిలో ఎప్పుడో ముగిసింది. పిల్లల బుర్రల్లో కూర్చుని అది రోజూ బడికి వస్తూనే ఉంది. ఏది వేయాలి, ఎంతసేపు వేయాలి, ఏ పాఠానికి వేయాలి అన్నదే తేల్చుకోవాలి. ఈమధ్య డీఎస్సీలో వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశాల్లో) ఇదే అడుగుతున్నారు. నల్లగొండ జిల్లాలో చాలా ఏళ్లుగా సోషల్ చెబుతున్నవాడిగా నా లెక్క నేను చెబుతాను.

సినిమా ఎంచుకునే ముందు నన్ను నేను అడిగేది ఒకటే. దీని పక్కన పెట్టి చూపించడానికి మన దగ్గర ఏముంది? ఒక శాసనం, కూలిన గడీ (కోట లాంటి దొర ఇల్లు) గోడ, ఊళ్లో ఒక ముసలవ్వ, పాత పహాణీ (భూమి లెక్కల) కాగితం, ఏదో ఒకటి ఉండాలి. ఉంటే సినిమా ఎంత అబద్ధమాడినా పాఠానికి పనికొస్తుంది. లేకపోతే ఎంత నిజాయితీగా తీసిన సినిమా అయినా పిల్లలకు అది ఇంకో కథే.

తెలంగాణ సాయుధ పోరాటం పాఠానికి

ఎక్కువమంది మొదట తలుచుకునేది 'మా భూమి'. 1979 నాటి సినిమా. బి.నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. అంటే ఒక ఉర్దూ రచయిత రాసింది, ఒక బెంగాలీ దర్శకుడు తెలుగులో తీశాడు. పిల్లలకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు, 'మన కథ వాళ్లెందుకు చెప్పారు సార్' అని అడుగుతారు. దానికే పావుగంట పడుతుంది. పట్టనివ్వండి.

నేను చేసిన తప్పు ముందే చెబుతాను. మొదటిసారి సినిమా మొత్తం వేశాను. రెండున్నర గంటలు, నాలుగు పీరియడ్లు, రెండు తరగతులు ఒకే హాల్లో. రేకుల షెడ్డు కింద సౌండు మారుమోగి ఒక్క డైలాగూ వినపడలేదు. రెండో రోజు కరెంటు పోయింది. మూడో రోజుకు సగంమంది 'రామయ్య ఎవరు సార్' అన్నారు. సిలబస్ వెనకబడిందని పైనుంచి మాట కూడా పడింది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆ సినిమాలోంచి రెండే ముక్కలు వాడతాను. మొదటిది 'పల్లెటూరి పిల్లగాడ' పాట. రాసిన సుద్దాల హనుమంతు మన పాత నల్లగొండ జిల్లావాడు. బడికి పోవాల్సిన వయసులో పశులు కాసే జీతగాడి మీద రాసిన పాట అది. మన పిల్లల్లో కొందరి తాతలు అలా జీతం ఉన్నవాళ్లే. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. 'వెట్టి చాకిరి అనగానేమి' అని పుస్తకంలో ఉన్న రెండు లైన్లకు ముఖం వస్తుంది. రెండోది పోలీస్ యాక్షన్ (1948లో భారత సైన్యం నిజాం హైదరాబాదు రాజ్యంలోకి రావడం) తర్వాత దొర మళ్లీ ఊళ్లోకి వచ్చే చివరి భాగం. 1948 సెప్టెంబరు 17తో అంతా సుఖాంతం అయిందని మనం మామూలుగా చెప్పేస్తాం. సాయుధ పోరాటాన్ని విరమించింది మాత్రం 1951 అక్టోబరులో. ఆ మూడేళ్లు ఏం జరిగిందో పిల్లలు అడగాలంటే ఈ భాగం వేయాలి.

'బండెనక బండి కట్టి' కూడా వేయొచ్చు, తెర మీద గద్దర్‌ను చూసి పిల్లలు ఊగిపోతారు. కానీ ఊగడంతోనే పీరియడ్ అయిపోతుంది. ఆ పాటను ఊళ్లో పెద్దవాళ్లు ఏ మాటలతో పాడతారో రాసుకురమ్మని హోంవర్కు ఇవ్వండి. ఒకరి మాట ఇంకొకరితో కలవదు. నోటి మీద బతికిన పాట ఎలా మారుతూ పోతుందో ఆ నోటుబుక్కుల్లోనే కనిపిస్తుంది.

'దాసి' సంగతి వేరు. 1988లో నర్సింగరావే దర్శకత్వం వహించిన సినిమా. గడీలో ఉండే ఒక దాసి కథ. అర్చనకు ఉత్తమ నటి జాతీయ అవార్డు వచ్చింది, దుస్తుల రూపకల్పనకు మన మిర్యాలగూడ కళాకారుడు సుదర్శన్‌కు వచ్చింది. ఆయన్ను అప్పటినుంచి దాసి సుదర్శన్ అనే పిలిచారు. నా మటుకు 'మా భూమి' కంటే ఇదే గొప్ప సినిమా. కానీ బడిలో మొత్తం వేయను. నడక చాలా నెమ్మది, విషయం పెద్దవాళ్లది. దొర దాసితో ఎలా ఉంటాడో పదమూడేళ్ల పిల్లల ముందు వేసి, నవ్వులు ఆపలేక, ఏడుపు ఆపలేక నిలబడాల్సి వస్తుంది.

దీన్ని వేరేగా వాడొచ్చు. సౌండు తీసేసి గడీ లోపల కనిపించే రెండు మూడు నిమిషాలు వేయండి. దొరసాని ఒంటిమీద ఏముంది, దాసి ఒంటిమీద ఏముంది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు కూర్చోనేలేదు, రాసుకోమనండి. తర్వాత మీ ఊళ్లో గడీ మిగిలి ఉంటే అక్కడికి నడిపించుకుపోండి. పెద్ద దర్వాజా, గోడల మందం, బయట జనం నిలబడే ఖాళీ జాగ చూస్తే సినిమావాళ్లు కల్పించింది ఎంత, కల్పించనిది ఎంత అన్నది పిల్లలే తేలుస్తారు. పెళ్లికూతురి వెంట పంపే ఆడబాపల గురించి పదో తరగతి ఆడపిల్లలు మేడమ్‌లను విడిగా అడుగుతారు. వాళ్లకు మేడమ్‌లే చెప్పడం మంచిది.

శ్యాం బెనెగల్ 'నిశాంత్' గురించి కూడా కొందరు అడిగారు. మంచి సినిమాయే. అందులో ఒక బడిపంతులు భార్యను దొర మనుషులు ఎత్తుకుపోతారు. బడిలో వద్దు.

ఇక రజాకార్ల (నిజాం పక్షాన జనం మీద దాడులు చేసిన ప్రైవేటు దళం) మీద ఈమధ్య వచ్చిన కొత్త సినిమాలు. ఏదైనా వేయాలనుకుంటే ముందు సర్టిఫికెట్ చూడండి. 'ఎ' (పెద్దలకు మాత్రమే) ఉంటే మాట్లాడుకోవాల్సిందేమీ లేదు. లేకపోయినా నేను వేయను. అయితే రజాకార్ల దౌర్జన్యాలు కల్పన కాదు. మన జిల్లాలోనే గుండ్రాంపల్లి లాంటి ఊళ్లు ఆ దెబ్బ తిన్నవి. కానీ ఇలాంటి సినిమాల్లో అంతా రెండు మతాల మధ్య కొట్లాటగా కనిపిస్తుంది. విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) రామచంద్రారెడ్డి ఏ మతంవాడు? ఆయన మనుషుల చేతిలో 1940లో చనిపోయిన షేక్ బందగీ ఏ మతంవాడు? రజాకార్లు 1948 ఆగస్టులో చంపిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఎవరు? పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ రిపోర్టు అన్నేళ్లు బయటికి ఎందుకు రాలేదు? ఇవన్నీ చెప్పకుండా ఆ సినిమా ముక్క ఒక్కటి వేస్తే క్లాసులో ఇర్ఫాన్ వైపు అందరూ తిరిగి చూస్తారు. (పేరు నేను పెట్టిందే, ప్రతి క్లాసులో ఒక ఇర్ఫాన్ ఉంటాడు.)

ఎవరు తిరిగి చూస్తారు?

ఈ తిరిగి చూడటం గురించి ఇంకొంచెం చెప్పాలి. సినిమాల పోలికల్లో ఎవరూ దీన్ని రాయరు. వెట్టి కులాన్ని బట్టి సాగింది. చాకలి ఏం చేయాలి, మంగలి ఏం చేయాలి, కుమ్మరి ఏం ఇయ్యాలి, మాదిగవాళ్లు ఏ కబురు మోయాలి అన్నదానికి లెక్క ఉండేది. తెర మీద ఒకడు దొర కాళ్ల ముందు 'నీ బాంచెన్' (నీ బానిసను) అనగానే వెనక బెంచీల్లో ఎవడో ఒకడు ఆ కులం పిల్లవాడి వైపు చూసి నవ్వుతాడు. దొరల ఇంటిపేరున్న పిల్ల క్లాసులో ఉంటే ఆమెకూ అదే బాధ. ఒకసారి ఇలాంటి నవ్వు తర్వాత ఒక పిల్లవాడు రెండు రోజులు బడికి రాలేదు. పాఠం బాగానే అయిందనుకుని ఇంటికి పోయినవాణ్ణి నేను.

అందుకే సినిమా ఎంచుకునేటప్పుడు అణగారినవాళ్లు దెబ్బలు తినే సీను కంటే తిరగబడే సీను ఎంచుకుంటాను. ఐలమ్మ కథ అందుకే పనికొస్తుంది. చాకలి ఐలమ్మ పాలకుర్తిలో తన పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వలేదు, సంఘం (ఆంధ్ర మహాసభ) ఆమె వెంట నిలబడింది. ఆ కులం పిల్లవాడు ఆ రోజు తల ఎత్తుకుని కూర్చుంటాడు. కడవెండిలో 1946 జులై 4న తూటాకు బలైన దొడ్డి కొమురయ్య గొర్రెలకాపరి ఇంటివాడు. ఆ ఊరు అప్పుడు మన జిల్లాలోనే ఉండేది.

రుద్రమ: సినిమా ఒక చేతిలో, రాయి ఒక చేతిలో

కాకతీయుల పాఠానికి 2015లో వచ్చిన 'రుద్రమదేవి' ఉంది. సెట్టింగులు, గ్రాఫిక్స్, పాటలు అన్నీ ఉన్నాయి. చరిత్ర పక్కా కాదని చాలామంది టీచర్లు దాన్ని ముట్టరు. నాకు మాత్రం ఈ పాఠానికి అంతకంటే మంచి సినిమా లేదు, ఎందుకంటే పక్కన పెట్టడానికి మన దగ్గర రాయి ఉంది.

నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది. దాని తేదీ 1289 నవంబర్ 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందాలని పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దేవుడికి భూమి దానం చేసినట్టు అందులో ఉంది. రుద్రమ ఎప్పుడు చనిపోయిందో చరిత్రకారులకు తెలిసింది ఈ రాయి వల్లే. ఎలా చనిపోయిందో మాత్రం రాయి చెప్పదు. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో యుద్ధంలో అని పండితులు మిగతా ఆధారాలు కలిపి ఊహించారు. రాయిలో ఉన్నదేది, పండితుడు ఊహించినదేది, సినిమావాడు కలిపినదేది అని నల్లబల్ల మీద మూడు గడులు గీసి నింపిస్తే తొమ్మిదో తరగతి పిల్లలు కాలేజీ పిల్లల్లా మాట్లాడతారు. ఇంకో చిన్న లెక్క కూడా ఇవ్వండి. ఆమె రాజ్యానికి వచ్చింది 1262 ప్రాంతంలో. చనిపోయేనాటికి ఎన్నేళ్లు పాలించినట్టు? మరి తెర మీద హీరోయిన్ వయసెంత?

పాలమూరు టీచర్లకు ఇదే సినిమాలో ఇంకా మంచి పాత్ర దొరుకుతుంది. గోన గన్నారెడ్డి. సినిమాలో అల్లు అర్జున్, గజదొంగ, మన యాసలో డైలాగులు. అసలు గోన వంశంవాళ్ల రాజధాని వర్ధమానపురం, అంటే ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా బిజినేపల్లి మండలం నంది వడ్డెమాన్. శాసనాల్లో గన్నారెడ్డి కాకతీయుల సామంతుడు, సేనాని. మరి గజదొంగ ఎక్కణ్ణుంచి వచ్చాడు? అడివి బాపిరాజు నవలలోంచి. నవల మీంచి సినిమాకు, సినిమా మీంచి పిల్లవాడి టీషర్టు మీదికి ఒక మనిషి ఎలా మారుతూ వచ్చాడో చూపించే అవకాశం ఇంకెక్కడా ఇంత సులువుగా దొరకదు. వడ్డెమాన్ గుడికి ఒక రోజు తీసుకుపోండి. బస్సు ఖర్చు ఎక్కువైతే ఆ చుట్టుపక్కల ఊరి పిల్లవాణ్ణి ఫోటోలు తీసుకురమ్మన్నా పని జరుగుతుంది.

పాత రీళ్లు, సీరియల్, టీవీ పాఠాలు

1948 నాటి వార్తా రీళ్లు యూట్యూబ్‌లో దొరుకుతాయి. సైన్యం హైదరాబాదుకు రావడం, నిజాం సేనాపతి ఎల్ ఇద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోవడం రెండు మూడు నిమిషాల్లో చూడొచ్చు. వెనక వచ్చే ఇంగ్లిష్ మాటలు మన పిల్లలకు అర్థం కావు, సౌండు తీసేయండి. ట్యాంకులు చూడగానే 'ఇది మిలిటరీ కదా సార్, పోలీస్ యాక్షన్ అని ఎందుకన్నారు' అని కచ్చితంగా ఎవరో ఒకరు అడుగుతారు. రెండున్నర గంటల సినిమా రాబట్టలేని ప్రశ్న ఇది.

కేంద్ర ప్రభుత్వ డాక్యుమెంటరీల సంస్థ ఫిల్మ్స్ డివిజన్ 1948లో మొదలైంది. సినిమా హాళ్లలో అసలు బొమ్మకు ముందు దాని రీళ్లు వేయడం తప్పనిసరిగా ఉండేది. డ్యాములు, ప్రణాళికలు, సమాజ వికాసం మీద అలా బోలెడు తీశారు. నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరు 10న, ఇందిరా గాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. అది రాతి కట్టడం, అంటే మనుషుల నెత్తుల మీద కట్టింది. ఆ కాలపు డ్యాం రీలు ఏదైనా పెట్టి సెకన్లు లెక్కపెట్టమనండి. కెమెరా నాయకుల మీద ఎన్ని సెకన్లు ఆగింది, తట్టలు మోసేవాళ్ల మీద ఎన్ని, ఊళ్లు మునిగినవాళ్ల మీద ఎన్ని? పాలమూరు లేబర్ (కట్టడాల పనికి వలసపోయే పాలమూరు కూలీలు) అనే మాట విని పెరిగిన పిల్లలకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు. అలంపూర్ దగ్గరివాళ్లయితే పక్కన పెట్టడానికి గుడే ఉంది. శ్రీశైలం నీళ్లలో మునిగే కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన సంగమేశ్వరాలయం అక్కడే కనిపిస్తుంది. గుడి లేచి వచ్చింది, ఊళ్లు ఎటు పోయాయి అని పిల్లలే అడిగారట, అక్కడ పనిచేసే ఒక టీచరమ్మ చెప్పింది.

భూదానం పాఠానికి వినోబా పాదయాత్రల పాత దృశ్యాలు పనికొస్తాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు అడిగింది 80 ఎకరాలు, వెదిరె రామచంద్రారెడ్డి ఇస్తానన్నది 100. పోచంపల్లికి పోవడానికి మనకు పెద్ద దూరమేం కాదు.

'భారత్ ఏక్ ఖోజ్' 1988లో దూరదర్శన్‌లో వచ్చిన 53 భాగాల సీరియల్. నెహ్రూ పుస్తకం ఆధారంగా బెనెగల్ తీశాడు. నాకు చాలా ఇష్టం. కానీ హిందీ, అదీ గట్టి హిందీ. మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు ఉర్దూ అలవాటున్న పిల్లలు కొంత పట్టుకుంటారు, దేవరకొండ తండా పిల్లలకు కష్టం. టీచర్ ఇంట్లో చూసి పాఠం తయారుచేసుకోవడానికి మాత్రం దీనికి సాటి లేదు.

టీ-శాట్ (రాష్ట్ర ప్రభుత్వ విద్యా టీవీ) పాఠాలు మన పుస్తకం ప్రకారమే ఉంటాయి, తెలుగులో ఉంటాయి. టీచర్ సెలవులో ఉన్నరోజు, పరీక్షల ముందు రివిజన్‌కు భేష్. అయితే అది సినిమా పని చేయదు, ఇంకో టీచర్ పని చేస్తుంది. 2020లో బడులు మూసినప్పుడు వాటితోనే నెట్టుకొచ్చాం.

సామాను, చట్టం

కొన్ని బడుల్లో ఇప్పుడు పెద్ద టచ్ ప్యానెళ్లు వచ్చాయి. నెట్టు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ముందురోజే ముక్క కత్తిరించి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. బొమ్మ కంటే సౌండు ముఖ్యం, చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనండి. ముక్క పది నిమిషాలు దాటొద్దు. 45 నిమిషాల పీరియడ్‌లో పది నిమిషాలు చూడటం, మిగతాది మాట్లాడటం. రెండోసారి వేయడానికి టైం ఉంచుకోండి, పిల్లలు నిజంగా చూసేది రెండోసారే.

కాపీరైట్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. 1957 చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. బడి పనిలో భాగంగా, టీచర్లు, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, బడితో సంబంధం ఉన్నవాళ్లే చూస్తే సినిమా వేయడం ఉల్లంఘన కాదు. పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి ఊరందరినీ పిలిస్తే ఆ మినహాయింపు ఉండదు.

ఇంతకీ నేను ఏది ఎంచుకుంటాను?

ఏడాదికి మూడే పీరియడ్లు చేతిలో ఉంటే ఒకటి రుద్రమకు, ఒకటి 'మా భూమి' పాటకూ పోలీస్ యాక్షన్ రీలుకూ కలిపి ఇస్తాను. మూడోది ఏ సినిమాకూ ఇవ్వను. పిల్లలు ఫోన్లో తీసిన వీడియోలకు ఇస్తాను.

ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది. ఊళ్లో 85 దాటినవాళ్లను ఒకరిని పట్టుకుని పది నిమిషాలు మాట్లాడించమంటాను. రజాకార్ల నాటికి పదేళ్లున్నవాళ్లు ఇంక కొద్దిమందే ఉన్నారు, వచ్చే ఏడాదికి ఇంకా తగ్గుతారు. ఫోను అడ్డంగా పట్టుకోవాలి, ముందు అడిగి తీయాలి, వాట్సాప్‌లో పెట్టొద్దు. 'ఏ సంవత్సరం' అని అడిగితే జవాబు రాదు. 'మీ పెళ్లికి ముందా వెనకా, పోలీస్ యాక్షన్ అయినంకనా' అని అడగాలి. కళ్లతో చూసింది ఏది, నాయన చెబితే విన్నది ఏది అని విడిగా రాసుకోవాలి. ముసలివాళ్ల మాట కూడా సినిమా లాంటిదే, అందులోనూ హీరోలు ఉంటారు.

పోయినసారి ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె తెచ్చిన వీడియోలో వాళ్ల నాయనమ్మ జొన్న చేనులో దాక్కున్న రాత్రి గురించి చెబుతోంది. మధ్యలో ఆగిపోయింది. నిమిషంన్నర ఏమీ మాట్లాడదు, మేకపిల్ల అరుపు, ఎవరో బిందె దింపిన చప్పుడు తప్ప. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, 'ఇక్కడ కట్ చేయనా సార్? సినిమాలో అయితే కట్ చేస్తరు కదా' అంది. క్లాసులో అందరికీ వేసి వాళ్లనే తేల్చమన్నాను. చేతులెత్తిస్తే ఉంచాలన్నవాళ్లు పందొమ్మిది మంది, తీసేయాలన్నవాళ్లు పదకొండు మంది. బెల్లు కొట్టినా వాదన ఆగలేదు, లెక్కల సారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.